ఫ్రెంచి కళా రీతుల పరిణామము

ఏ దేశపు కళనైనను గ్రహింపగోరువారు రెండు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ వస్తువును ఎవరు కోరి చేయించిరి? దీని మంచిచెడ్డలను ఎవరు నిర్ణయించిరి? ఫ్రాన్సు దేశపు కళాచరిత్ర సుమారు తొమ్మిదివందల యేండ్లుగా ఈ ప్రశ్నలకు మారుచువచ్చిన సమాధానములతో నిండియున్నది. మొదట మఠాధిపతియు, పిదప రాజును, ఆపైన రాజు నెలకొల్పిన పరిషత్తును, అటుపిమ్మట పురజనులును, తుదకు వర్తకుడును ఆ కళకు పోషకులైరి. పోషకుడు మారినప్పుడెల్ల రీతియు మారినది. పోషకుడు కరవైనప్పుడు కళకు ఏమి సంభవించునో కూడ ఈ చరిత్ర తెలుపుచున్నది. తరతరములుగా స్వస్థలములకు దూరముగా స్థిరపడి, భాషను కళలను నిలుపుకొనగోరు మన కుటుంబములవారికి ఇది ఆలోచింపదగిన విషయము.

ఫ్రెంచివారితో మన సంబంధము కొత్తది కాదు. గోలకొండ సుల్తాను అనుమతితో 1669లో వారు మచిలీపట్నమున వర్తకస్థానమును నెలకొల్పిరి. గోదావరి తీరమునగల యానాము 1954 వరకు వారి పాలనలో నుండి, 1962లో చట్టరీత్యా భారతదేశమున చేరెను. మన సీమ హస్తకళ యొకటి ఫ్రాన్సు దేశపు అభిరుచినే కొంతకాలము మార్చినది. ఆ సంగతి దాని స్థానమున విన్నవించెదను.

రాయియు రంగు గాజును

ఫ్రాన్సు భూభాగమున చిత్రలేఖనము మిక్కిలి ప్రాచీనము. 1940లో బయటపడిన లాస్కో గుహలోని ఎద్దులు, గుఱ్ఱములు సుమారు పదునేడువేల యేండ్లనాటివి. 1994లో కనుగొనబడిన షోవే గుహలోని సింహములు అంతకంటె ఎంతయో పూర్వములు. కాని వానిని చిత్రించినవారి భాషయైనను మనకు తెలియదు. ఫ్రెంచి రీతియని పేరుపెట్టి చెప్పదగినది పండ్రెండవ శతాబ్దమున ఆలయ వాస్తువుతో ప్రారంభమైనది.

అంతకుముందు ప్రబలియున్న రొమనెస్కు రీతిలో చర్చిల గోడలు మిక్కిలి దళసరివి, కిటికీలు చిన్నవి. రాతికప్పు బరువును గోడలే మోయవలసియుండుటచేత వానికి పెద్ద రంధ్రములు చేయుటకు వీలులేకపోయెను. పారిసు సమీపమున సాన్ దెనీ మఠమునకు సుజేర్ అను అధిపతి యుండెను. ఫ్రెంచి రాజులను సమాధి చేయు పవిత్రస్థానమది. వెలుతురు దైవస్వరూపమని ఆయన నమ్మకము. ఆలయములోనికి వెలుగు ధారాళముగా రావలెనని కోరి ఆయన కట్టించిన గర్భభాగము 1144లో ప్రతిష్ఠింపబడెను. మొనదేలిన కమానులును, ప్రక్కటెముకలవంటి రాతి వాసములును కప్పు బరువును గోడలనుండి తప్పించి స్తంభములమీదికి మరల్చినవి. తరువాతి ఆలయములలో వెలుపలినుండి ఆనికగా నిలిచిన కమానులు కూడ వానికి తోడైనవి. బరువు తగ్గిన గోడల స్థానమున రంగు గాజులు వెలసినవి. ఇదియే గోతికు రీతి.

1194లో అగ్నికి ఆహుతియైన షార్త్ర్ ఆలయము కొలది దశాబ్దములలోనే ఈ రీతిలో తిరిగి లేచెను. దాని గాజులలోని నీలవర్ణమును నేటికిని లోకము కొనియాడుచున్నది. ఆ గాజులలో దేవదూతలతోపాటు రొట్టెలు చేయువారును, చెప్పులు కుట్టువారును, వడ్రంగులును తమ పనులలో నిమగ్నులై కనబడుదురు. తొమ్మిదవ లూయీ కట్టించి 1248లో ప్రతిష్ఠ చేయించిన సాంత్ షాపెల్‌లోని పై ఆలయమున పదునైదు నిలువెత్తు కిటికీలు గలవు. అందు గోడయనునది కనబడుటయే అరుదు.

గోతికు అను పేరు ఆ కళాకారులు పెట్టుకొన్నది కాదు. పదునారవ శతాబ్దపు ఇటలీ విద్వాంసులు దీనిని అనాగరికులైన గోతు జాతివారి పనియని ఎగతాళి చేసిరి. ఆ నిందయే పేరై నిలిచినది. నిందగా పుట్టి బిరుదుగా మారిన పేర్లు ఈ చరిత్రలో మరికొన్ని రాగలవు. పారిసులోని నోత్ర్ దామ్ ఆలయపు పైకప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయినప్పుడు కన్నీరు కార్చినవారెందరో! పాత పద్ధతినే ఓకు దూలములు చెక్కి కప్పు నిలిపి, 2024 డిసెంబరులో ఆ ఆలయమును మరల తెరచిరి. చెక్కగల వడ్రంగులు, రాయి మలచగల శిల్పులు ఆ దేశమున మిగిలియుండుటచేతనే అది సాధ్యమైనది.

రాజాస్థానము

పదునైదవ శతాబ్దపు ఆరంభమున బెర్రీ ప్రభువు కొరకు లింబూర్ సోదరులు చిత్రించిన ప్రార్థనాగ్రంథమున పండ్రెండు మాసముల సేద్యపు పనులు, కోటలు, ఋతువులు కన్నులపండువుగా నున్నవి. కళ మఠమునుండి ప్రభువుల మందిరములకు నడచుచున్నదనుటకు అది సూచన.

ఫ్రాన్స్వా రాజు ఇటలీమీద దండెత్తి అచ్చటి కళను చూచి ముగ్ధుడయ్యెను. ఆయన ఆహ్వానముపై లియొనార్డో డా విన్చీ 1516లో ఫ్రాన్సునకు వచ్చి, మూడేండ్ల తరువాత అంబువాజులో కన్నుమూసెను. మోనా లీసా చిత్రము ఫ్రాన్సున నుండుటకు కారణమిదియే. అటుపిమ్మట రోస్సో, ప్రిమతిచ్చో అను ఇటాలియనులు ఫోంతెన్‌బ్లో ప్రాసాదమును అలంకరించిరి. గోడమీది చిత్రము చుట్టును గచ్చుతో మలచిన నిలువెత్తు బొమ్మలు, పండ్ల గుత్తులు పొందుపరచు పద్ధతి అచ్చట రూపొందినది. వారియొద్ద పనిచేసిన ఫ్రెంచివారు ఆ విద్యను గ్రహించి తమ దేశపు నాజూకుతనమును దానికి జోడించిరి. పొరుగువారినుండి నేర్చుట చిన్నతనము కాదనియు, నేర్చినదానిని తమదిగా చేసికొనలేకపోవుటయే చిన్నతనమనియు ఫోంతెన్‌బ్లో తెలుపుచున్నది.

పరిషత్తును దాని తీర్పులును

1648లో రాజకీయ చిత్ర శిల్ప అకాడమీ స్థాపింపబడెను. అంతవరకు చిత్రకారులు చేతిపనివారి శ్రేణులకు లోబడియుండిరి. తమది చేతిపని మాత్రము కాదు, బుద్ధికి సంబంధించిన విద్యయని నిరూపించుటకు వారీ పరిషత్తును కోరిరి. పదునాల్గవ లూయీ కాలమున లె బ్రన్ ఈ అకాడమీకి నాయకుడై, గోబ్లాన్‌లోని రాజకీయ నేతశాలను కూడ నడపి, వర్సాయి ప్రాసాదపు చిత్రములను తీర్చెను. అచ్చటి అద్దాల మందిరము 1684లో ముగిసెను. డెబ్బదిమూడు మీటర్ల పొడవుగల ఆ శాలలో 357 అద్దములు కలవు. కప్పుమీది చిత్రములన్నియు ఆ రాజు విజయములే. ఆ కాలమున ఐరోపాలోని చిన్న పెద్ద రాజులందరును వర్సాయిని అనుకరింప యత్నించిరి.

అకాడమీ చిత్రములకు వర్ణక్రమమువంటి దొకటి ఏర్పరచెను. పురాణ, చరిత్ర, మత విషయకమైన చిత్రము అన్నిటికంటె పైది. దాని తరువాత మూర్తిచిత్రము, ఆపైన నిత్యజీవన దృశ్యము, పిదప ప్రకృతి దృశ్యము, అన్నిటికంటె క్రింద పండ్లు, పాత్రలు మొదలగువాని చిత్రము. రేఖ ముఖ్యమా, రంగు ముఖ్యమా అను వాదము కూడ అచ్చట చెలరేగెను. రేఖ పక్షమువారికి రోములో స్థిరపడిన ఫ్రెంచి చిత్రకారుడు పూసాన్ ఆదర్శము. రంగు పక్షమువారికి ఫ్లాండర్సు దేశీయుడైన రూబెన్స్ ఆదర్శము. ఈ వాదము రెండువందల యేండ్లు సాగినది. ఇదే శతాబ్దమున లొరేన్ సీమలో జార్జ్ ద లా తూర్ ఒక్క కొవ్వొత్తి వెలుగున మనుష్యుల ముఖములను చిత్రించి, మరణానంతరము మరపున పడి, ఇరువదవ శతాబ్దమున మరల వెలుగులోనికి వచ్చెను.

1715లో పదునాల్గవ లూయీ మరణింపగా ప్రభువులు వర్సాయి విడిచి పారిసులోని తమ గృహములకు చేరిరి. పెద్ద శాలలకు బదులు చిన్న గదులు, యుద్ధచిత్రములకు బదులు తోటలలోని వినోదములు వలసివచ్చినవి. లేత రంగులు, గవ్వల వంపులుగల ఈ రీతికి రొకోకో అని పేరు. వాతో 1717లో అకాడమీకి సమర్పించిన సితేరా ద్వీపయాత్ర చిత్రము పాత తరగతులలో దేనికిని ఇమడకపోగా, అతని కొరకు కొత్త తరగతినే కల్పింపవలసివచ్చెను. బూషే, ఫ్రాగొనార్ ఈ మార్గమున నడచిరి. షార్దాన్ మాత్రము అకాడమీవారు అట్టడుగున నుంచిన వస్తువులనే, అనగా రాగి చెంబు, రొట్టెముక్క, నీళ్ల గ్లాసులనే చిత్రించి, వానికి గొప్ప గాంభీర్యము తెచ్చెను.

అకాడమీ సభ్యుల చిత్రప్రదర్శనము 1737 నుండి లూవ్రు ప్రాసాదమున క్రమముగా జరుగజొచ్చెను. అచ్చటి గది పేరునుబట్టి దానికి సలోన్ అని పేరు వచ్చెను. ఎవరైనను ప్రవేశింపవచ్చును. ప్రభువుల ప్రక్కనే అంగడివారును నిలిచి చిత్రములను విమర్శించిరి. 1759 మొదలు దిదెరో మహాశయుడు ఈ ప్రదర్శనములమీద విమర్శలు వ్రాసెను. రాజు చెప్పినదే తీర్పు అను కాలము ఆ గదిలోనే సడలనారంభించినది.

మన అద్దకపు బట్టలు

కోరమండల తీరమునుండి రంగులద్దిన నూలుబట్టలను ఫ్రెంచి ఓడలు విరివిగా కొనిపోవుచుండెను. కలముతో వ్రాసినవియు, అచ్చుతో అద్దినవియునగు ఆ బట్టలు ఉతికినను రంగు వీడక, తేలికగా నుండుటచే ఫ్రెంచి స్త్రీలకు మిక్కిలి ప్రీతిపాత్రములయ్యెను. వానిని ఆ దేశీయులు ఇండియెన్ అని పిలిచిరి. పట్టు, ఉన్ని నేతగాండ్రు మొరపెట్టుకొనగా 1686లో ప్రభుత్వము ఆ బట్టల దిగుమతిని, వానిని అనుకరించి స్వదేశమున అద్దుటను గూడ నిషేధించెను. నిషేధము డెబ్బదిమూడేండ్లుండినను వాడుక ఆగలేదు.

అద్దకపు రహస్యమును తెలిసికొనుటకు ఫ్రెంచివారు చేసిన ప్రయత్నము తక్కువది కాదు. మన భాషను నేర్చిన కేర్దూ అను జెసూయిటు మతగురువు 1742లో ఆ పద్ధతినంతయు లేఖగా వ్రాసి పంపెను. బట్టను కరక్కాయ రసమునను గేదెపాలలోను నానవేయుట, రంగు పట్టుటకు పటిక వాడుట, మైనము పూసి నీలిరంగున ముంచుట మున్నగు విషయములన్నియు అందు కలవు. 1759లో నిషేధము తొలగగా, మరుసటి యేడే ఒబెర్‌కాంఫ్ అను జర్మను వర్సాయి సమీపమున జూయి గ్రామమునందు అద్దకశాలను స్థాపించెను. కొయ్య అచ్చులతో మొదలై, పిదప రాగిరేకులతో ఏకవర్ణమున పల్లెదృశ్యములను అద్దిన ఆ బట్టలు జూయి బట్టలని ప్రసిద్ధికెక్కినవి. ఆ పేరు నేటికిని అలంకారశాస్త్రమున నిలిచియున్నది. రొకోకో రీతిలోని పూలతీగలలో మన తీరపు పనివాని చేయి కొంత కలదనుట అతిశయోక్తి కాదు. కాని యంత్రములపై అద్దిన ఐరోపా బట్టలు అగ్గువకు దొరకుటతో మన బట్టలను కొనువారు తగ్గిరి. ఆ విద్య తప్పైనది కాదు, కొనువాడు కరవయ్యెను.

విప్లవమును దాని వెనుకటి యుగమును

పాంపేయి త్రవ్వకములు ప్రాచీన రోము అందమును కనులయెదుట నిలిపినవి. దావీద్ రోములో చిత్రించి 1785 సలోన్‌లో ప్రదర్శించిన హొరేషియస్ సోదరుల ప్రమాణము పూలతీగల యుగమునకు ముగింపు పలికెను. మూడు కమానులు, చాచిన చేతులు, ఖడ్గములు తప్ప వేరు అలంకారమందు లేదు. 1789లో విప్లవము వచ్చెను. 1793లో అకాడమీ రద్దయ్యెను. అదే సంవత్సరము ఆగస్టు 10న రాజప్రాసాదమైన లూవ్రు ప్రజల మ్యూజియముగా తెరువబడెను. రాజుల సొత్తు ప్రజల సొత్తయ్యెను. విప్లవమునకు ముందటి దశాబ్దములలో ఆ అకాడమీ ఒకేకాలమున నలుగురికంటె ఎక్కువమంది స్త్రీలను సభ్యులుగా ఉంచుకొనలేదు. 1783లో అందు చేరిన విజే ల బ్రన్ రాణి మరీ ఆంత్వానెత్ మూర్తులను చిత్రించి, విప్లవకాలమున దేశము విడిచి, ఐరోపా రాజధానులన్నిట తన కుంచెతోనే బ్రతికెను.

1819లో జెరికో ప్రదర్శించిన మెడూసా తెప్ప చిత్రమునకు విషయము పురాణము కాదు, మూడేండ్ల క్రిందటి వార్త. ఆఫ్రికా తీరమున మునిగిన ఓడనుండి సుమారు నూటయేబదిమంది తెప్పమీద విడువబడిరి. పదుమూడు దినముల తరువాత బ్రదికియున్నవారు పదునైదుగురు. అసమర్థుడైన నాయకుని నియమించిన ప్రభుత్వమునకు ఆ చిత్రము అభియోగపత్రమయ్యెను. దెలాక్రువా రంగు పక్షమును, ఆంగ్ర్ రేఖ పక్షమును తిరిగి నిలిపిరి. కూర్బే ఒక పల్లెవాని అంత్యక్రియలను ఆరుమీటర్లకు మించిన వెడల్పున, అనగా రాజుల చిత్రములకు తగిన ప్రమాణమున, చిత్రించి పెద్దలకు కోపము తెప్పించెను. 1855 మహాప్రదర్శనమున తన పెద్ద చిత్రములు నిరాకరింపబడగా, ఆయన ప్రక్కనే సొంత పందిరి వేసి ప్రదర్శించెను. మిల్లే 1857లో పరిగె ఏరుకొను ముగ్గురు స్త్రీలను చిత్రించెను. కోతలైన పొలములో రాలిన వెన్నులకై నడుము వంచిన ఆ కూలితల్లులను చూచినప్పుడు అది ఏ దేశమని మనకు తోచదు.

తిరస్కృతులు

1863లో సలోన్ పరీక్షకులు వేలకొలది కృతులను త్రోసివేసిరి. గగ్గోలు పుట్టగా మూడవ నెపోలియను చక్రవర్తి తీర్పు ప్రజలకే విడిచి, తిరస్కృతుల ప్రదర్శనమును వేరుగా ఏర్పాటు చేయించెను. మానే చిత్రించిన పచ్చికమీది భోజనమును చూచి నవ్వినవారే ఎక్కువమంది. కాని పరీక్షకులు తిరస్కరించినను ఒక చిత్రము లోకము కంటబడవచ్చునని ఆనాడు తేలినది.

1874 ఏప్రిల్ 15న సుమారు ముప్పదిమంది చిత్రకారులు పరీక్షకుల ప్రమేయము లేక, ఒక ఛాయాగ్రాహకుడు ఖాళీచేసిన గదులలో తమ ప్రదర్శనమును తెరచిరి. మోనే, రెన్వార్, దెగా, పిస్సారో, సెజాన్, మొరిసో అను విదుషీమణి అందున్నవారు. మోనే తన ఓడరేవు చిత్రమునకు సూర్యోదయపు తోపు అను అర్థము వచ్చు పేరు పెట్టగా, ఒక పత్రికారచయిత వీరందరిని ఇంప్రెషనిస్టులని హేళన చేసెను. ఈ హేళనయు బిరుదే అయ్యెను. రేకు గొట్టములలో రంగులు దొరకుటయు, రైలు మార్గములు పడుటయు వారు ఆరుబయట చిత్రించుటకు తోడ్పడెను. జపాను అచ్చుబొమ్మలు వారి చూపునకు కొత్తదనము నేర్పినవి. వీరి పోషకుడు రాజు కాదు, పరిషత్తు కాదు. ద్యురాన్ రుయెల్ అను వర్తకుడు. అప్పులపాలైనను ఆయన వారి చిత్రములను కొనుచునే యుండెను. 1886లో న్యూయార్కునకు కొనిపోయి ప్రదర్శించిన పిదపనే ఆయనకు ఊరట కలిగెను.

వీరిలో కయిబోత్ ధనవంతుడు. మిత్రుల చిత్రములను తానే కొని, తన మరణానంతరము వానిని ప్రభుత్వమునకు చెందునట్లు వీలునామా వ్రాసెను. అటకమీదికి గాని, మారుమూల మ్యూజియమునకు గాని పంపరాదనియు, పారిసులోనే ఉంచవలెననియు షరతు విధించెను. ఆయన 1894లో మరణించెను. ఉచితముగా వచ్చిన ఆ నిధిని తీసికొనవలెనా వద్దా అని అధికారులు రెండేండ్లు ఉత్తరప్రత్యుత్తరములు నడపి, అరువదికి పైబడిన చిత్రములలో సుమారు నలుబదింటిని మాత్రము స్వీకరించిరి. కార్యాలయములలో పనిచేసినవారికి ఇట్టి దస్త్రముల నడక కొత్త కాదు. ఆ చిత్రములు నేడు 1986లో పాత రైలుస్టేషనులో తెరచిన ఓర్సే మ్యూజియమునకు కంఠాభరణములు. మోనే 1892 మొదలు రువాన్‌లోని గోతికు ఆలయమును ఉదయమున, మధ్యాహ్నమున, మంచులో ముప్పదికి పైగా చిత్రించెను. సుజేర్ లోపలికి రప్పించిన వెలుగును ఏడువందల యేండ్లకు మోనే రాతి ముఖముననే పట్టెను.

ఇరువదవ శతాబ్దము

1905 శరత్కాల ప్రదర్శనమున మతీస్, అతని మిత్రులు వాడిన గాఢవర్ణములను చూచి ఒక విమర్శకుడు వారిని క్రూరమృగములని పిలిచెను. ఫోవ్ అను ఆ పేరును స్థిరపడినది. సెజాన్ కొండలను, పండ్లను ఘనరూపములుగా కట్టిన తీరునుండి పికాసో, బ్రాక్ 1907, 1908 ప్రాంతమున క్యూబిజమును నిర్మించిరి. 1924లో స్వప్నలోకమును ఆశ్రయించిన సర్రియలిజము ప్రకటితమయ్యెను. పికాసో స్పెయినువాడు, వాన్ గో డచ్చివాడు, షగాల్ రష్యా సామ్రాజ్యమున పుట్టిన యూదుడు. అయినను వీరు లేక ఫ్రెంచి కళను చెప్పుటకు వీలులేదు. ఒకప్పుడు ఇటలీవారికి తలుపు తెరచిన దేశము లోకమునకంతకును తలుపు తెరచెను.

ఆ తలుపున ప్రవేశించినవారిలో మన తెలుగువాడును ఒకడు కలడు. చిత్తూరు జిల్లాలో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడై, పారిసులో హేటర్ నడపిన ముద్రణచిత్రశాలయందు పనిచేసెను. రంగునకొక రేకు చొప్పున వాడు పాత పద్ధతికి బదులు, సిరాల చిక్కదనములోని భేదము నాధారముగా చేసికొని ఒక్క రేకునుండియే పలురంగులను ముద్రించు విధానమును పెంపొందించినవారిలో ఆయన ముఖ్యుడు. 1972లో పద్మశ్రీ పొంది, 2018లో న్యూయార్కున పరమపదించెను. మచిలీపట్నపు అచ్చు పారిసు చేరిన మూడు శతాబ్దములకు, అచ్చునకు కొత్త మర్మమును మనవాడే పారిసున నేర్పెను.

మనకు తోచునది

ఈ చరిత్రలో ఏ రీతియు శాశ్వతము కాలేదు. ఏ రీతియు పూర్తిగా నశింపనూ లేదు. కోరువారున్నంతకాలము నిలిచినది, కొత్తవారు కోరినప్పుడు కొత్తరూపము దాల్చినది. మన యెడలను ఇట్లే జరిగినది. తంజావూరు చిత్రములను వ్రాసినవారిలో తెలుగు రాజు కుటుంబములవారు ప్రముఖులు. 1855లో ఆ సంస్థానము పోగా వారికి ఆస్థానపోషణ పోయెను. గృహస్థులు పూజామందిరములకు ఆ చిత్రములను కోరుచుండుటచేతనే ఆ విద్య బ్రదికినది. కొనువారు లేక క్షీణించిన శ్రీకాళహస్తి కలంకారీ, స్వాతంత్ర్యానంతరము కమలాదేవి చట్టోపాధ్యాయ మొదలగువారి పూనికచే శిక్షణకేంద్రము ఏర్పడగా మరల తలయెత్తినది.

రాజులు లేరు, జమీందారులు లేరు. పరరాష్ట్రమున నున్న మనకు ప్రభుత్వపు పోషణయు స్వల్పము. కాబట్టి పోషకులము మనమే. ఇంటి పెండ్లికి అద్దకపు వస్త్రమొకటి కొన్నను, ఉగాదికి హరికథకుని ఒకరిని పిలిచి తగిన సంభావన ఇచ్చినను, బొమ్మలు వేయు పిల్లవానికి కాగితములు కొనిపెట్టినను కయిబోత్ చేసినదానిలో ఒక పాలు మనము చేసినవారమగుదుము. ఆ పిల్లవాడు వ్రాసినది మనము చూచి పెరిగిన రీతిలో లేకున్నను త్రోసిపుచ్చరాదు. 1863లో నవ్వినవారి పేర్లు నేడెవరికిని తెలియవు.